బ్యానర్ సారు

ఆయన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. సరిహద్దు గ్రామాల మధ్య సయోధ్య కోసం ప్రభుత్వమిచ్చిన గ్రాంటుతో, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వికారాబాద్ నుంచి మా ఊరికి వచ్చి సభలు పెట్టేవాడు. మనుషులతో మాట్లాడుతున్నా చెయ్యి మాత్రం వెనక కట్టించిన బ్యానర్ మీద ముడతలు సాపు చేస్తుండేది. కర్ణాటక సరిహద్దునున్న మా బషీరాబాద్ వైపు తెలుగూ కన్నడమూ రెండూ రానివాళ్లు అరుదు. అయినా నన్ను అనువాదకుడిగా పెట్టుకున్నాడు.

వాగు నీళ్ల కోసం తలలు పగలగొట్టుకున్న ఇద్దరు రైతులు, మా ఊరాయన, కర్ణాటక వైపు ఆయన, ఒక రోజు సారు పెట్టిన సభలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మా ఊరాయన అరచేతిలో పొగాకు వేసుకుని, "జర సున్నమియ్యి" అన్నాడు. రెండో ఆయన తన డబ్బా తీసి ఇచ్చాడు. నాలుగేళ్లుగా లేని మాట అలా కలిసింది.

అప్పుడు సారు బ్యానర్ నుంచి ఇటు తిరిగాడు.

"ఆ పొగాకు పక్కన పెట్టండి. ఫొటోకు చేతులు కలపండి."

"మేం కలిసినం సారూ, నువ్వే సూడలే" అన్నాడు మా ఊరాయన. ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

సారుకు చీమ కుట్టినట్టయినా లేదు. తన డ్రైవరుకూ నాకూ తలగుడ్డలు చుట్టించి, చేతులు కలిపించి ఫొటో తీయించుకున్నాడు. అది ఇంకా ఆయన ఆఫీసు గోడ మీద ఉంది. అందులో ఎక్కువ నవ్వుతున్నది నేనే.