వాన పాటగా మారిన గిటారు పాట

మీకు ప్రాణమైన పాట మీ ప్రత్యర్థుల చేతికి చిక్కితే, పాటను వదిలేస్తారా, వాదాన్ని వదిలేస్తారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను తొందరపడే పాటను పోగొట్టుకున్నాను. అనంతపురంలో చదువుకునే ఆ రోజుల్లో మా హేతువాద బృందానికి దేవుడితో తప్ప అందరితోనూ తగాదాలే (ఆయన లేడు కాబట్టి ఆయనతో కుదరలేదు). సభకు జనం చేరాలంటే ముందు మైకులో పాట వేయాలి. భక్తి పాటలు మాకు నిషిద్ధం, సినిమా పాటలంటే మా నాయకుడికి గిట్టదు (ఆయన్ని చాటుగా 'తర్కం' అనేవాళ్లం). అందుకని నేను రేడియోలోంచి క్యాసెట్టుకు ఎక్కించుకున్న ఒక ఇంగ్లీషు పాట వేసేవాళ్లం. ఎవరు పాడారో తెలియదు, మాటలు సగం అర్థం కావు. కానీ ఆ గిటారు తీగలు గలగలమంటూ పరిగెత్తుతుంటే ఒకచోట కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

ఒక ఏడు ముదిగుబ్బ దగ్గర మా మేనమామ ఊళ్లో వాన జాడ లేదు. దుక్కులు దున్ని, వేరుశనగ విత్తనం ఒలిచి పెట్టుకున్నారు. ఒలిచిన విత్తనం ఎక్కువ కాలం ఆగదు. రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ ఊరేగినా ఫలితం లేకపోయింది. మళ్లీ ఊరేగిస్తారని తెలిసి మేం మైకుసెట్టుతో దిగాం. బడి అరుగెక్కి నేను దంచేశాను: దేనివల్ల ఏం జరిగిందో తెలియాలంటే మిగతావన్నీ అట్లే ఉంచి, ఒక్కటి మాత్రం మార్చి చూడాలన్నాను. ముగింపుగా పాట వేశాం. అది పూర్తి కాకముందే పడమట నల్లబడి, జల్లు మొదలైంది. కప్ప ఇంకా బయల్దేరనే లేదు కాబట్టి, ఇది కప్ప మహిమ కాదని గర్వంగా ప్రకటించాను.

"కప్పది కాదులే నాయనా," అంది మా అవ్వ, కొంగు నెత్తిన కప్పుకుంటూ. "కప్పను ముందే తిప్పినాం, రాలేదు. అంతా అట్లే ఉండాది, కొత్తగా వచ్చింది నీ పాటొకటే. మార్చి చూడమని నువ్వే చెప్తివి గదా."

ఊరు ఊరంతా తలూపింది. నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ జల్లు దుమ్ము అణగడానికే సరిపోయింది. కొన్నాళ్లకు మామ బస్సెక్కి మా హాస్టలుకే వచ్చాడు. "ఏమప్పా అల్లుడా, ఆ క్యాసెట్టు తీసుకోని ఒకతూరి వచ్చిపో. విత్తనం చెడిపోతాండాది." తర్కం నన్ను పక్కకు పిలిచి, పోయి ఈ భ్రమను పగలగొట్టి రా, లేకుంటే అక్కడే పూజారిగా స్థిరపడు అన్నాడు.

వెళ్లాను, పాట వేశాను. ఆకాశం తోమిన తప్పేలాలా మెరుస్తోంది. గెలిచాను. విజయోపన్యాసానికి గొంతు సవరించుకుని వెనక్కి తిరిగితే, గుప్పెట్లో విత్తనం పట్టుకుని పైకి చూస్తున్న మామ కనిపించాడు. చేతిలోని మైకు కింద పెట్టేశాను.

"ఇంగొగతూరి పెట్టప్పా," అన్నాడు.

పెట్టాను. మళ్లీ పెట్టాను. టేపు చిక్కుపడి తెగేదాకా పెడుతూనే ఉన్నాను. (అన్నిసార్లు ఎందుకు వేశావని తర్కం నిలదీస్తే, ప్రయోగాన్ని పదేపదే చేయడమే శాస్త్రం అన్నాను. అలా అనడానికి సిగ్గు కూడా పడలేదు.) ఆ ఏడు మామ విత్తనం నూనె మిల్లుకు పోయింది. తెగిన పాట కోసం నేను మళ్లీ వెతకలేదు.

పోయిన నెల పామిడి బస్సులో, ముందు సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయి ఫోన్లోంచి ఆ తీగలే వినిపించాయి. సీటు వదిలి లేచి నిలబడ్డాను. నేను దిగుతానేమోనని కండక్టరు విజిలేశాడు. ఆ అమ్మాయి పాట పేరు చెప్పి, మీ కాలం పాటే కదా అంకుల్ అంది. ఇంటికొచ్చి, నిలవలేక, గదిలో అటూ ఇటూ తిరుగుతూ విన్నాను. చివరికి మామకు ఫోన్ చేసి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఆడ మోడమేమన్నా పట్టిందా?" అన్నాడు తర్వాత.

లేదు మామా, ఒక్క మబ్బూ లేదు అన్నాను. (అనేముందు, ఇన్నేళ్ల హేతువాదాన్ని గదిలో వదిలి, మిద్దెక్కి నాలుగు దిక్కులూ చూసి వచ్చాను.) ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మీరు గెలిచిన వాదం కిందా ఒక పాట నలిగే ఉంటుంది. వెతకండి. ఆ రోజు మీకు ఎదురుగా నిలబడిన మనిషికి ఇప్పుడే ఫోన్ చేసి, చివరిదాకా వినిపించండి.