సున్నం ఆరేదాకా

బుకోవిష్టె ఊళ్ళో జప్రియాన్ మేస్త్రీ చెయ్యి పడని పొగగొట్టం ఒక్కటే ఉండేది. అది ఆయన ఇంటిదే.

దాన్ని ఆయన మామగారు కట్టించాడు. మామగారు పోయాక ఇల్లు అల్లుడిదైంది గానీ గొట్టం మాత్రం మామగారి గొట్టంగానే మిగిలిపోయింది. కొండగాలికి లోయవైపు ఒరిగింది. పై వరసల్లో ఇటుకలు పెచ్చులూడి సగం మందానికి వచ్చాయి. అంత ఎత్తున ఏ గొట్టం బతుకైనా అంతే. పగలు ఎండకు మంచు కరిగి ఇటుకలోకి ఇంకుతుంది. రాత్రి అక్కడే గడ్డకట్టి ఇటుకను లోపలినుంచి చీలుస్తుంది. ఏడాదిలో సగానికి పైగా ఇదే పని. వసంతం వచ్చేసరికి ఎవరో ఒకరి కప్పు మీద, పలకరాళ్ళ మధ్య, ఎర్రటి ఇటుకపొట్టు రాలి ఉంటుంది. అది చూసి మేస్త్రీకి కబురు పెడతారు.

కబురు అందగానే ఆయన తాపీ, సుత్తి, తాళ్ళు, సున్నపు తొట్టి గాడిద మీద కట్టుకుని బయల్దేరేవాడు. చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నీ తిరిగి, బంగాళదుంపలు తవ్వే రోజులకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. అప్పటికి తన గొట్టం విప్పడానికి వేళ మించిపోయేది. వచ్చే ఏడు చూద్దాంలే అనేవాడు. ఆయన భార్య బిసెరా నీళ్ళకాడ ఆడవాళ్ళతో, మా ఆయనకు పరాయివాళ్ళ పొగంటేనే ముద్దు అని నవ్వేది.

ఆమె మాటలు అలాగే ఉండేవి. మెత్తగా గుచ్చేది, గుచ్చించుకున్నవాళ్ళే ముందు నవ్వేవాళ్ళు. ఆయన అంతగా మాటలు లేని మనిషి. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఇద్దరూ కలిసి సాకిందల్లా ఇంటి వెనక సున్నపు గుంటే. రాతిసున్నం గుంటలో పోసి, నీళ్ళు పోసి, అది బుసలు కొట్టి చల్లారాక మట్టి కప్పి, ఏళ్ళ తరబడి మగ్గబెట్టేది బిసెరాయే. ఇసుక జల్లించేదీ ఆమే. మగ్గిన సున్నాన్ని పారతో కోసి తీస్తే గొర్రెపాల పెరుగులా గట్టిగా, తెల్లగా నిగనిగలాడేది.

జప్రియాన్ ఆ సున్నం తప్ప మరొకటి ముట్టేవాడు కాదు. సహకార సంఘం గోదాములో సిమెంటు బస్తాలు దిగాక కూడా వాటివైపు చూడలేదు. పాత ఇటుకా మెత్తనిదే, సున్నమూ మెత్తనిదే. రెండూ కలిసి తడుస్తాయి, కలిసి ఆరుతాయి. మధ్యలో సిమెంటు దూరితే లోపలి తడికి బయటి దారి మూసుకుపోయి, చలికి ఇటుకే పగులుతుంది. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే. సున్నంతో ఉన్న చిక్కు కూడా అందరికీ తెలుసు. అది గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో దానికి గడ్డకట్టే చలీ తగలకూడదు, నిప్పు సెగా తగలకూడదు. అందుకే అక్టోబరు చివర్లో వచ్చే దిమితర్ పండుగ దాటితే ఆ కొండల్లో ఏ మేస్త్రీ సున్నం కలపడు. ఆ రోజున తాపీలు కడిగి, నూనె రాసి, అటక మీద పెట్టేస్తారు.

ఒక చలికాలం బిసెరాకు దగ్గు పట్టుకుంది. వసంతం వచ్చినా పోలేదు. పట్నంలో డాక్టరు ఛాతీ ఫోటో తీయించి చాలాసేపు చూశాడు. ఇంటికి తీసుకెళ్ళి మంచి తిండి పెట్టమన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో బిసెరాకు బస్సెక్కేలోపే తెలిసింది. జప్రియాన్ మాత్రం, ఆసుపత్రిలో ఉంచుకోలేదంటే నయమయ్యే జబ్బేనన్నమాట అనుకున్నాడు. అలా అనుకునే దారంతా కిటికీలోంచి గొట్టాలు చూస్తూ వచ్చాడు.

ఆ వేసవి ఆయన కదలనంటే బిసెరాయే తరిమింది. జనం ఎదురు చూస్తున్నారు, నా మంచం పక్కన కూర్చుని నువ్వు చేసేదేముంది అంది. ఆయన వెళ్ళాడు. దుంపలు తవ్వే రోజులకు తిరిగొచ్చేసరికి ఆమె సగమైపోయి ఉంది. చలి మొదలై పొయ్యి రాజేస్తే గదినిండా పొగ కమ్మింది. మామగారి గొట్టం లోపల ఇటుకలు విరిగి పడి దారి పూడుకుపోయింది. బిసెరా దగ్గి దగ్గి నేలమీదికి ఒరిగింది.

వీధికి అవతల కెరానా అనే వితంతువు ఉండేది. బిసెరాను సొంత వదినలా చూసుకునేది. ఆవిడే వచ్చి, మా ఇంట్లో పడుకోబెడదాం, ఇక్కడ ఇంక నిప్పు వెయ్యొద్దు అంది. జప్రియాన్ భార్యను వీపున మోసుకుని వీధి దాటించాడు. పాత గొట్టం విప్పి కొత్తది కట్టేదాకానే అన్నాడు. బిసెరా కెరానా ఇంట్లో వెచ్చగానే ఉంది, కెరానా ఆమెకు కొండ మూలికల తేనీరు కాచి పోసేది, చిక్కుళ్ళ పులుసు స్పూనుతో తాగించేది. అయినా ఆమె కళ్ళు ఎప్పుడూ కిటికీలోంచి తన ఇంటివైపే ఉండేవి. పోయేలోపు నా పొయ్యి ముందు కూర్చోవాలని ఉంది, అంతకు మించి నాకేం అక్కర్లేదు అని కెరానాతో చెప్పింది. ఆ మాట కెరానా జప్రియాన్‌కు చేర్చింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

పాత గొట్టం విప్పి, పనికొచ్చే ఇటుకలు గీకి శుభ్రం చేసేసరికి దిమితర్ పండుగ వచ్చి వెళ్ళిపోయింది. ఆ పని ముగిసిన సాయంత్రం ఆయన బిసెరా పక్కన కూర్చున్నాడు.

"మేస్త్రీ," అంది బిసెరా. ఊరందరూ పిలిచే పేరుతోనే పిలిచేది. ఎగతాళికి మొదలుపెట్టింది, అలవాటైపోయింది. "గోదాములో సిమెంటుందటగా. అది పెట్టెయ్యి. రెండ్రోజుల్లో పొయ్యి రాజేసుకోవచ్చు."

"సిమెంటు పెడితే ఐదు చలికాలాలు తిరక్కుండా పగిలిపోద్ది."

"నాకు ఐదెందుకయ్యా. ఒకటి చాలు."

కెరానా పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నట్టు అటు తిరిగిపోయింది. జప్రియాన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

మర్నాడు గోదాము చూసుకునే దెల్చో తనంతట తానే సిమెంటు బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. వాకిట్లో దించి, ఏం మొహమాటపడకు బాబాయ్, నువ్వు వాడావని ఎవరికీ చెప్పనులే అన్నాడు. జప్రియాన్ అప్పటికే సున్నం కలుపుతున్నాడు. దెల్చో ఆ తెల్లటి ముద్దను, మబ్బు లేక రాత్రికి గడ్డకట్టించబోయే ఆకాశాన్ని మార్చి మార్చి చూశాడు.

"పండుగ దాటాక సున్నమా? మీ నాన్న చూస్తే తాపీతో కొట్టేవాడు."

"కొట్టనీ."

"ఇంతా చేసి పిన్నికోసమేగా?"

"దానికోసమే," అన్నాడు జప్రియాన్. "అది ఇంకా ముప్ఫై ఏళ్ళు ముందు కూర్చునే పొయ్యి."

దెల్చో బస్తా మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. సిమెంటు కలపడమంటే ఒక్క చలికాలం చాలన్న మాటకు తలూపడమే. ఆ తలూపడం జప్రియాన్‌కు చేతకాలేదు. సున్నం పెట్టిన గొట్టం వందేళ్ళు నిలుస్తుంది. అంత గొట్టం కింద కూర్చోవలసిన మనిషి ఎక్కడికి పోతుంది? ఇది ఆయన ఎవరితోనూ అనలేదు. వరస మీద వరస పేర్చుకుంటూ పోయాడు.

పగళ్ళు ఎండగానే ఉన్నాయి, రాత్రుళ్ళే భయం. చీకటి పడేలోపు పచ్చి గొట్టాన్ని గడ్డితో చుట్టి, దాని మీద మేకబొచ్చు దుప్పట్లు కట్టేవాడు. బరువైన, ముతక దుప్పట్లు. బిసెరా పెళ్ళికి ముందు నేసినవి. కిటికీలోంచి అది చూసి ఆమె కెరానాను పిలిచింది. "చూశావా, నన్ను ఏనాడైనా అంత శ్రద్ధగా కప్పాడా?" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది. నవ్వే గెలిచింది.

చివరి వరస పూర్తయిన రోజున బిసెరా తువ్వాలు పంపింది. గొట్టం పూర్తయితే ఇల్లాలు తువ్వాలు ఇవ్వాలి, మేస్త్రీ దాన్ని గొట్టానికి కట్టి, పైనుంచే ఆమె పేరు చెప్పి ఊరంతా వినేటట్టు దీవెన పలకాలి. జప్రియాన్ గొంతు పైకి లేచేది ఆ ఒక్క సందర్భంలోనే. కెరానా తువ్వాలు నిచ్చెన మీదుగా అందించింది. సొంత పెళ్ళామే కదాని గొంతు తగ్గించొద్దని, అందరిళ్ళ మీదా అరిచినట్టే అరవమని వదిన చెప్పిందంది.

ఆయన తువ్వాలు కట్టాడు. నిలబడ్డాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి తలలెత్తారు.

"బిసెరా ఇల్లాలు తువ్వాలు ఇచ్చింది! చెయ్యి పెద్దది, మనసు పెద్దది! ఈ గొట్టంలో ఎన్ని ఇటుకలున్నాయో అన్నేళ్ళు దేవుడామెకు..."

అక్కడ ఆగాడు. దగ్గినట్టు చేశాడు. తరువాత, "ఆయుష్షు ఇవ్వాలి!" అని పూర్తి చేశాడు, కానీ అది వీధి దాకానే వినిపించింది. చాలినన్ని ఇటుకలు పెట్టాడా అని వదిన అడుగుతోందని కెరానా ఆ సాయంత్రం వచ్చి చెప్పింది. జప్రియాన్ నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే.

ఇక సున్నం ఆరాలి. రోజూ పొద్దున్నే కప్పెక్కి, దుప్పట్లు విప్పి, ఇటుకల సందులో గోటితో నొక్కేవాడు. గోరు దిగేది. సాయంత్రం మళ్ళీ నొక్కేవాడు. నీడపక్క ఇంకా చల్లగా, మెత్తగానే ఉండేది. ఎండకాలమైతే ఈపాటికి రాయి అయ్యేది. దిగి వచ్చి కెరానా ఇంట్లో అడుగు పెట్టగానే బిసెరా ఆయన వేలివైపు చూసేది. గోటి కింద తెలుపు కనబడితే కళ్ళు మూసుకునేది.

ఆమెకు తిండి సహించడం మానేసింది. తేనీరు కూడా పెదవులు తడపడానికే. ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నిప్పు లేకపోతే లేకపోయింది. నన్ను ఇంటికి తీసుకుపో."

"గడ్డకట్టుకుపోతావు. ఇంకొక్క వారం. వారం ఓపిక పట్టు, నేనే ఎత్తుకెళ్తా."

"చిన్న మంటైనా వెయ్యవా? నాలుగు పుల్లలు."

"ఇప్పుడు సెగ తగిలితే గొట్టం మెడ దగ్గర చీలుద్ది బిసెరా. కష్టమంతా పోద్ది."

ఆమె ఆయన ముఖాన్ని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బజారులో ఏదో కొనిపెట్టమని ఏడ్చే పిల్లాణ్ణి చూసే తల్లి చూపులా ఉంది.

"సరే మేస్త్రీ. నీ సున్నం ఆరనీ," అంది.

ఆ తరువాత ఆమె ఇల్లు అడగలేదు. మంచం కిటికీవైపు నుంచి గోడవైపు తిప్పమని కెరానాను అడిగింది.

అది జరిగిన నాలుగో రోజో ఐదో రోజో, ఎండ బాగా కాసింది. జప్రియాన్ కప్పు మీద ఉన్నాడు. దుప్పట్లు విప్పి పలకరాళ్ళ మీద పరిచి, దక్షిణపు పక్కన గోటితో నొక్కాడు. గోరు దిగలేదు. మరోచోట నొక్కాడు. అక్కడా దిగలేదు. నీడపక్క ఒక్కటే ఇంకా మెత్తగా ఉంది. అదీ రెండ్రోజుల్లో గట్టిపడుతుంది. ఈ కబురు చెబుదామని నిచ్చెనవైపు తిరిగాడు.

కింద వీధి మధ్యలో కెరానా నిలబడి ఉంది. ఎంత చిన్న పనికైనా వాకిట్లోంచే గట్టిగా కేకేసే మనిషి, పిలవకుండా, తల ఎత్తి ఆయన్నే చూస్తోంది. తల గుడ్డ జారి భుజం మీద ఉంది. దాన్ని సర్దుకోలేదు. జప్రియాన్ గొట్టాన్ని పట్టుకుని చాలాసేపు కప్పు మీదే ఉండిపోయాడు. దెల్చో నిచ్చెన పట్టుకుని బతిమాలితే గానీ దిగలేదు.

బిసెరాను ఇంటికి తెచ్చారు. జప్రియాన్ ఎవరినీ ముట్టనివ్వకుండా తానే వీపున వేసుకుంటానన్నాడు. చివరికి దుప్పటిలో పెట్టి నలుగురూ మోశారు, ఆయన ముందువైపు పట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఆమెను కడిగి, మంచి బట్టలు కట్టి, లోపలి గదిలో కిటికీ తెరిచి పడుకోబెట్టారు. చనిపోయినవాళ్ళున్న గది చల్లగానే ఉండాలి. ఆ గదికి ఇంక నిప్పుతో పని లేదు.

కానీ జనం రావడం మొదలైంది. పెద్ద ముసలమ్మలు, పై వీధివాళ్ళు, పొరుగూరి నుంచి నడిచి వచ్చినవాళ్ళు ముందు గదిలో బల్లల మీద ఒత్తుగా కూర్చున్నారు. నోటి నుంచి ఆవిర్లు వస్తున్నాయి. ఒక ముసలమ్మ వణుకుతోంది. వంతులవారీగా మా ఇంటికి వచ్చి వెచ్చబడి వెళ్ళండని కెరానా చెబుతోంది.

జప్రియాన్ పెరట్లోకి వెళ్ళి చేతులనిండా బీచ్ చెట్టు మొద్దులు తెచ్చాడు. కొత్త గొట్టానికి పుల్లల మంటతో మొదలుపెట్టాలని ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది కోడళ్ళకు చెప్పాడో. ఆ మొద్దులన్నీ పొయ్యిలో కుక్కాడు.

"అన్నయ్యా," అంది కెరానా మెల్లగా, "ఇంకా పచ్చిగానే ఉందిగా."

"ఉంది," అన్నాడాయన. అగ్గిపుల్ల గీశాడు.

గొట్టం ఒక్కసారిగా గాలి పీల్చుకుంది. మంట హోరుమంది. గదిలోకి పొగ తీగంత కూడా రాలేదు. ముసలమ్మలు చేతులు చాచి దగ్గరికి జరిగారు. అబ్బ, ఏం లాగుతోందీ అని ఒకావిడ అనబోయి నోరు నొక్కుకుంది. గది వెచ్చబడింది. కాసేపటికి గోడలో, పైన కప్పుకు దగ్గరగా, చిన్నగా టప్పుమని శబ్దం వచ్చింది. కట్టె పేలిందనుకుని ఎవరూ తలెత్తలేదు. జప్రియాన్ ఎత్తాడు. తరువాత మరో మొద్దు వేశాడు.

కోటుకు సెగ పట్టేదాకా పొయ్యి ముందు నిలబడ్డాడు. కూర్చోమని పీట వేస్తే కూర్చోలేదు. అందరూ స్థిమితపడ్డారని చూసుకున్నాక లోపలి గదిలోకి వెళ్ళాడు. అక్కడి చలి ముఖానికి కొట్టింది. బిసెరా పక్కన కూర్చుని, ముందు గది వెచ్చదనం లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసుకున్నాడు.