నెమలి మీదికి నా ఎడమకాలి చెప్పు

మొన్న శుక్రవారం నేను చేసిన పని చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి, నాకేం! మూడు దేశాల పిల్లలు ఆల్రెడీ నవ్విండ్రు. ఇంక కొత్తగ పోయే ఇజ్జత్ ఏం మిగల్లేదు.

మీకు తెలుసు గద, నేను రోజూ వికారాబాద్ నుంచి ట్రెయిన్ల తాండూర్ పోయి, అక్కడి నుంచి ఆటోల మా హైస్కూల్‌కు పోత. సైన్స్ సార్‌ను. ఈ ఏడు మా బడి ఒక ఆన్‌లైన్ ప్రోగ్రాంల చేరింది. ఒక్కో దేశంల ఒక్కో స్కూల్ తమ దగ్గరి జంతువుల ముందు లైవ్ కెమెరా పెడ్తది. మిగతా దేశాల పిల్లలు క్లాసుల కూసొని చూస్తరు, మాట్లాడుకుంటరు. ఆస్ట్రేలియా వాళ్లు కంగారూలను చూపించిండ్రు. జపాన్ వాళ్లు కొంగలను చూపించిండ్రు. మా వంతుకు నెమళ్లు. బడి ఎనక నాపరాళ్లతోటి కట్టిన తొట్టి ఉన్నది. పొద్దున ఎనిమిదిన్నరకు రోజూ నీళ్లు తాగ వస్తయి.

కెమెరాను వంటగది గోడకు బిగించింది నేనే. నెమలి కూత మంచిగ వినబడాలని మైకు ఆన్ చేసింది కూడ నేనే. ఇది జర యాది పెట్టుకోండ్రి.

మా తరఫున మాట్లాడేది ఎనిమిదో తరగతి షబానా. పదిహేను రోజులు ఇంగ్లీష్ స్పీచ్ బట్టీ కొట్టింది పాపం. రాసిచ్చింది నేను. అండ్ల ఒక ముక్క ఉన్నది: మా ఊర్ల నెమలి మాకు దోస్తు, దాన్ని ఎవ్వరూ ఏమనరు.

ఆ పిల్ల నాయిన రైతు. అప్పుడే అడిగింది. "సార్, మా అబ్బా కంది చేన్ల డబ్బా కొట్టుకుంట నెమళ్లను ఎల్లగొడ్తడు గద సార్?"

"గవన్నీ ఎందుకు బిడ్డా? ఫారిన్ పిల్లలు చూస్తరు," అన్న.

శుక్రవారం లైవ్ మొదలైంది. హెచ్.ఎం. మేడం పట్టుచీర కట్టుకొని ముందు కుర్చీల కూసున్నది. స్క్రీన్ మీద తొట్టి ఖాళీ! ఐదు నిమిషాలు. పది నిమిషాలు. ఒక కాకి వచ్చి తానం చేసి పోయింది. జపాన్ పిల్లలు దాన్నే శ్రద్ధగ రాసుకున్నరు. షబానా చెప్పిందే మళ్లా చెప్తున్నది.

"ఏదన్న చెయ్యి సార్!" అని మేడం పరేషాన్.

"జొన్నలు చల్లి వస్త మేడం," అని ఎనక నుంచి ఉరికిన. గోడ చాటు నుంచి రెండు గుప్పెళ్లు ఇసిరి, అక్కడనే దాక్కున్న. వచ్చినయి! ఒకటి కాదు, ఐదు! నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

కానీ పెద్ద మగ నెమలి జొన్నల దిక్కు చూడనే లేదు. సీదా తొట్టి పక్కన మా పిల్లలు పెంచిన టమాట మొక్కల్లకు దిగింది. టక్కున ఒక పండు పొడిచింది.

మాది మోమిన్‌పేట్ దిక్కు. చిన్నప్పుడు బడికి పోయే ముందు చేన్ల నెమళ్లను ఎల్లగొట్టుడే నా డ్యూటీ. బీఎస్సీ, బీఈడీ అన్నీ ఆ తర్వాత వచ్చినయి. నేనేం ఆలోచించలే, చెయ్యే ఆలోచించింది. ఎడమకాలి చెప్పు చేతికొచ్చింది.

"హోయ్! హోయ్! నీ పీనుగెల్ల! టమాటలు నీ అయ్య పెట్టిండా?"

చెప్పు నెమలికి తాకలే. సక్కగ పోయి తొట్టిల బుడుంగుమన్నది. ఐదు నెమళ్లు గోడ దుంకి పోయినయి. నేను ఒంటి చెప్పుతోటి టమాటల నడుమ నిలబడ్డ. తలెత్తి చూస్తే కెమెరా లైటు పచ్చగ మెరుస్తున్నది.

సరిగ్గ అదే టైంల షబానా లోపల 'పీకాక్ ఈజ్ అవర్ ఫ్రెండ్' అంటున్నదట!

లోపలికి పోయిన. "జాతీయ పక్షి సార్ అది!" అని మేడం నెత్తి పట్టుకున్నది. షబానా నా దిక్కు చూడలే. కండ్లు నిండి ఉన్నయి. నిజం చెప్తున్న, ఫారిన్ పిల్లల ముందు పోయిన ఇజ్జత్ ఒక లెక్క కాదు. ఆ పిల్ల పదిహేను రోజుల కష్టాన్ని ఒక్క చెప్పుతోటి నీళ్లల్ల ముంచిన. సిగ్గుతోటి సచ్చిపోయిన.

అవతల ఆస్ట్రేలియా టీచరమ్మ అడిగింది, ఆయన ఎవరని.

షబానా కండ్లు తుడుచుకున్నది. నేను రాసిచ్చిన కాయిదం పక్కన పెట్టింది. "దట్ ఈజ్ అవర్ సైన్స్ సార్. గుడ్ సార్. బట్ ఫార్మర్ సన్," అన్నది. తర్వాత తనకొచ్చిన ఇంగ్లీష్‌ల ఉన్నదున్నట్టు చెప్పింది. నెమళ్లు మా కందులు తింటయి, మా అబ్బా తరుముతడు, ఎండకాలం మళ్లా ఆయననే వాటికి నీళ్లు పెడ్తడు అని. స్క్రీన్ నిండ చేతులు లేసినయి! ఆస్ట్రేలియా పిల్ల ఒకతి, మా తాత కూడ కంగారూలను గిట్లనే తరుముతడని చెప్పింది. ఆపుదామంటే మాటలు ఆగలే.

అయిపోయినంక దగ్గరికి పోయిన. "తప్పయింది బిడ్డా."

"పర్వాలేదు సార్. వచ్చే నెల మళ్లా మన వంతే అంట." మెల్లగ అన్నది, "గా రోజు మీరు లీవ్ పెట్టుండ్రి సార్."

నిన్న జపాన్ పిల్లలు తాము చూసిన జీవాల పట్టిక పంపిండ్రు. మేడం దాన్ని నోటీస్ బోర్డుకు అంటించింది. కాకి, ఒకటి. నెమళ్లు, ఐదు. ఆఖర్ల మనిషి, మగ, ఒకటి: టమాటల జోలికి పోతే గట్టిగ అరుస్తది, ఒక కాలికే చెప్పు ఉంటది.