పెద్దాయన నాటిన గులాబీ

ఆ ఇంట్లో ఒకప్పుడు దేశమంతా పేరు మోసిన ఉపన్యాసకుడు ఉండేవాడు. ఇప్పుడది మ్యూజియం. ఆయన కళ్లజోడు, చేతికర్ర, ఎండిపోయిన సిరాబుడ్డి గాజుపెట్టెల్లో ఉంటున్నాయి. “మట్టి ముట్టనివాడు మనిషే కాడు” అన్న ఆయన మాట గోడమీద చెక్కి ఉంది. ముంగిట్లో “పెద్దాయన స్వహస్తాలతో నాటిన గులాబీ” అని పలక పెట్టిన మొక్క ఒకటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండటమే తోటమాలి ఉద్యోగం.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గులాబీ తొమ్మిదేళ్ల కిందటే చచ్చిపోయింది. తోటమాలే ఎరువు ఎక్కువేసి చంపాడు. ప్రేమకొద్దీ వేశాడు గానీ, మొక్కకి ఆ సంగతి తెలియదు కదా. పైవాళ్లతో “కత్తిరించాను, చిగురు రావాలి” అని చెప్పి, గోతిలో మట్టి మార్చాడు. వంటింటి వెనక అంట్లు తోమే చోట అడవిలా పెరిగిన గులాబీ పొద ఉంది. అదే రంగు పువ్వు కదా అని పెన్సిలంత కొమ్మ ఏటవాలుగా కోసి తెచ్చి గుచ్చాడు. కొమ్మకి వేరొచ్చింది, అతనికి నిద్ర కరువైంది.

బడిపిల్లలు వరుసలో నిలబడి మొక్కకి దండం పెడుతుంటే చూపు తిప్పుకునేవాడు. సంగతి తెలిసింది భార్య ఒక్కతెకే.

“పువ్వు పూస్తోందిగా, ఇంకేం కావాలట వాళ్లకి?” అనేది ఆవిడ.

ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడనగా పెద్దాయన కూతురు వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, ఆ ఇంట్లోనే పెరిగింది. ఏ మొక్క ఏదో ఆవిడకి తెలియకుండా ఉంటుందా? ముప్ఫై ఏళ్ల మంచిపేరు మట్టిలో కలిసినట్టేననుకున్నాడు తోటమాలి.

ఆవిడ పలక చదివి పకపకా నవ్వింది.

“నాన్నగారు నాటారా? చెప్పుకి మట్టంటితే ఇంటిల్లిపాది మీదా ఎగిరేవారు! ఫొటో తీసేదాకా పార పట్టుకుని నుంచున్నారంతే.”

తోటమాలి ఇక ఆగలేకపోయాడు.

“అమ్మగారూ, ఇది ఆ మొక్క కూడా కాదండీ. అది నా చేతుల్లోనే పోయింది. ఇది వంటింటి వెనక పొదలోంచి తెచ్చిన కొమ్మ.”

ఆవిడ నవ్వు ఆగిపోయింది.

“అంట్లు తోమే చోటుదా? అది ఇంకా ఉందా?”

“ఉందండీ. దారికి అడ్డమొస్తోందని ఏటా మొదలంటా నరికేస్తుంటాను. మళ్లీ వచ్చేస్తుంది.”

“అది అమ్మ పెట్టింది నాయనా. కడుగునీళ్లన్నీ దానికే పోసేది. ముళ్లు గుచ్చుకుంటున్నాయని నాన్నగారూ ఏటా నరికించేవారు.”

ఆవిడ వంగి ఒక ఆకుని రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తోటమాలికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

“పలక మార్పించమని పైవాళ్లకి చెప్పమంటారా అమ్మగారూ?” అన్నాడు.

“వద్దులే. అమ్మ పేరు పెడితే దండం పెట్టడం మానేస్తారు.”

ఆ ఏడు అతను వంటింటి వెనక కత్తెర పట్టలేదు. దారినే నాలుగడుగులు పక్కకి జరిపాడు. ఆ తర్వాత వచ్చిన బడిపిల్లలు యథాప్రకారం పెద్దాయన గులాబీకి దండం పెట్టారు. తోటమాలి ఈసారి చూపు తిప్పుకోలేదు.