ఇటలీ బండికి మావయ్య కొలతలు

మా మావయ్యకు కొలతల పిచ్చి. మామూలు పిచ్చి కాదు, నిద్రలేచి ముందు టేపు తడుముకుని తర్వాత కళ్ళజోడు తడుముకునేంత పిచ్చి. ఆయన జేబులో ఎప్పుడూ ఒక స్టీలు టేపు, సన్నటి సందుల్ని కొలిచే ఇనప రేకుల కట్ట ఒకటి ఉంటాయి. అచ్చాఫీసులో కాగితం కోసే యంత్రం మీద ముప్ఫై రెండేళ్ళు పనిచేశాడు. అక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే వెయ్యి పుస్తకాలు వంకర. రిటైరయ్యాక అచ్చాఫీసు ఆయన్ని వదిలింది గానీ మిల్లీమీటరు మాత్రం వదల్లేదు.

మా ఆయన్ని మొదటిసారి ఆ ఇంటికి తీసుకెళ్ళినప్పుడు మావయ్య పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. టేపు సర్రున లాగి ఈ భుజం నుంచి ఆ భుజం దాకా పట్టాడు.

"నలభై ఎనిమిది. పర్లేదు, మన తలుపుల్లో పడతాడు," అన్నాడు.

పెళ్ళయి ఆరేళ్ళయింది. ఇప్పటికీ మా ఆయన ఆ గుమ్మంలోకి కొంచెం పక్కకు తిరిగే వస్తాడు.

అలాంటి మనిషికి నాలుగేళ్ళ కిందట ఒక ఇటలీ బండి దొరికింది. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది. ఎర్రటి స్పోర్ట్స్ మోటారుసైకిలు. సగం వ్యాన్లో వచ్చింది, మిగతా సగం అట్టపెట్టెల్లో వచ్చింది. దాన్ని వెంటనే ముందుగదిలో రబ్బరు చాప పరిచి నిలబెట్టారు. సోఫా వరండాలోకి పోయింది. అప్పటినుంచీ చుట్టాలు వస్తే వంటింట్లో కూర్చుంటున్నారు.

"మామూలు బండిలో వాల్వుని ఒక మీట తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది," అని మావయ్య నాకు మొదటిరోజే పాఠం చెప్పాడు. "దీంట్లో తెరవడానికో మీట, మూయడానికో మీట. స్ప్రింగుని నమ్మే పనే లేదు. అచ్చం మీ అత్తయ్యలాగా! తలుపు తీసేదీ తనే, వేసేదీ తనే."

"నేను వేయకపోతే మీరు వేస్తారా?" అని వంటింట్లోంచి అత్తయ్య.

ఆ మీటలకూ వాల్వులకూ మధ్య సందు వెంట్రుకలో సగం ఉండాలి. ఎక్కువున్నా కుదరదు, తక్కువున్నా కుదరదు. ఈ మాట విన్న క్షణంలో మావయ్య మొహం వెలిగిపోయింది. తన కోసమే ఎవరో కూర్చుని ఈ బండి తయారుచేశారని ఆయన నమ్మకం.

నేను పళ్ళ డాక్టర్ని. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలు నా దగ్గర డజన్లకొద్దీ ఉంటాయి. ఇంజను మూలల్లోకి చూడటానికి మావయ్య అవి అడిగాడు. ఇవ్వడానికి వెళ్ళిన మనిషిని అక్కడే ఇరుక్కుపోయాను. ఒకరోజు టార్చి పట్టుకుని వంగి, అలవాటుకొద్దీ "ఇంకొంచెం తెరవండి, నొప్పేం ఉండదు" అని ఇంజనుకు ధైర్యం చెబుతూ దొరికిపోయాను. ఆ మాట అత్తయ్య వీధంతా చెప్పింది.

అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ నర్సు. ఇరవయ్యేళ్ళు మోటారుసైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి ఇంజెక్షన్లు వేసింది, కట్లు మార్చింది. ఆవిడ బండి చప్పుడు వింటే పిల్లలు మంచాల కిందకి దూరేవాళ్ళు. ఐదేళ్ళ కిందట ఆసుపత్రి మెట్ల మీద జారిపడింది. ఎడమ మోకాలు సగం వరకే వంగుతుంది ఇప్పుడు. గేరు వేయాల్సింది ఆ కాలితోనే. బండి ఎవరికో ఇచ్చేసి, ఆసుపత్రిలోనే కూర్చుని చేసే పనికి మారింది. హెల్మెట్టు మాత్రం ఇవ్వలేదు. వంటింట్లో మేకుకు తలకిందులుగా తగిలించి అందులో ఉల్లిపాయలు పోసింది.

"గాలి బాగా ఆడుతుందే, కుళ్ళవు," అనేది, నేను దానివైపు చూసినప్పుడల్లా. నేనింక ఆ మాట ఎత్తేదాన్ని కాదు. నాకు బాధగా ఉండేది.

బండి మావయ్యదే అయినా ఇల్లు అత్తయ్యది కదా, రోజూ యుద్ధమే. ఒకసారి పక్కింటావిడ వచ్చిందని అత్తయ్య ఫ్రీజరులోంచి ఐస్‌క్రీమ్ డబ్బా తీసి గిన్నెల్లోకి వేయబోతే, టంగుమని ఇనప బేరింగు పడింది.

"ఏమండీ! ఇదేమిటి?"

"బేరింగు. చల్లబడితే వెంట్రుకవాసి తగ్గుతుంది. వేడి చక్రంలోకి సుళువుగా దిగుతుంది."

"వేడి చక్రమా? అదెక్కడుంది?"

"ఓవెన్‌లో. తలుపు తీయకు, ఇంకా నాలుగు నిమిషాలుంది."

పక్కింటావిడ గిన్నె కింద పెట్టి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది. ఇంతవరకూ రాలేదు.

ఇంతలో ఇంకో వింత మొదలైంది. ఒకరోజు అత్తయ్య నా క్లినిక్కుకు ఫోన్ చేసింది.

"ఏమే, మీ మావయ్య నన్ను కొలుస్తున్నారే!"

"ఎక్కడ అత్తయ్యా?"

"ఎక్కడేమిటి, అన్నిచోట్లా! కూరగాయలు తరుగుతుంటే మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి. మొన్న కుర్చీలో కునుకు తీస్తుంటే, బళ్ళో పిల్లలు వాడే కోణమాని తెచ్చి నా మోకాలి పక్కన పెట్టారు. నా మంచం కురచ చేసి ఆ బండికి చోటు చేస్తారంటావా?"

నేను వెళ్ళి అడిగాను. మావయ్య నోట్‌బుక్కు మూసేసి, "చేతికి ఏదో ఒకటి కొలవాలనిపిస్తుంది అమ్మలూ, ఏం చెయ్యను," అన్నాడు. ఆయన విషయంలో అది నమ్మదగ్గ మాటే కాబట్టి నమ్మాను.

గురువారం పొద్దున అత్తయ్య ముందుగదిలోంచి వెళ్తూ బండి పెడలుకు మోకాలు కొట్టుకుంది. అదీ మంచి మోకాలు. ఇల్లు దద్దరిల్లింది.

"ఉన్నది ఒక్క మోకాలు, అదీ తీసేస్తారా? ఆదివారం పదింటికల్లా ఈ బండి స్టార్టయి గుమ్మం దాటాలి. దాటకపోతే గడ్డమాయన వచ్చి పట్టుకెళ్తాడు. ఫోన్ చేసి చెప్పేశాను కూడా!"

గడ్డమాయన అంటే ఊళ్ళో బైకుల క్లబ్బు పెద్ద. పొట్టదాకా గడ్డం. రెండేళ్ళుగా ఆ బండి మీద కన్నేసి ఉన్నాడు. మావయ్య చేతిలోంచి టేపు జారి కిందపడింది. అది కిందపడటం నేను చూడటం అదే మొదటిసారి.

"అమ్మలూ, క్లినిక్కుకు సెలవు పెట్టు."

"ఎన్ని రోజులు?"

"మూడుంబావు."

ఆ మూడుంబావు రోజులూ మేం మనుషుల్లా లేం. నేను అద్దం పెట్టి సందు చూపించడం, ఆయన రేకు దూర్చి "బిగువు!" అనో "వదులు!" అనో అరవడం, మీటకీ వాల్వుకీ మధ్య కూర్చునే చిన్న ఇనప బిళ్ళ బయటికి తీసి గరుకు కాగితం మీద రుద్దడం, మళ్ళీ దూర్చడం. ఎనిమిది బిళ్ళలు. ఆఖరిది సరిపోయినప్పుడు ఇద్దరం గట్టిగా కేకపెట్టాం. అత్తయ్య గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ఎవరికేమైందోనని.

అయితే మావయ్య చేసిన మార్పులే నాకు అంతుపట్టలేదు. ఎవరైనా స్పోర్ట్స్ బండిని ఇంకా పదును పెట్టుకుంటారు. ఈయన సీటు స్పాంజి కోసి తగ్గించాడు, అదీ అత్తయ్య రొట్టె కోసే కత్తితో. హ్యాండిలు పైకి లేపాడు. ఎడమ పాదం పెట్టుకునే పెడలు ముందుకీ కిందికీ జరిపాడు. కుడిది ఉన్నచోటే ఉంచాడు. గేరు మీట పీకేసి, ఎడంచేతి బొటనవేలికి అందేలా రెండు బొత్తాలు పెట్టాడు.

"ఎందుకు మావయ్యా ఇవన్నీ?"

"కొలతలు అలా వచ్చాయి."

శనివారం గడ్డమాయన ముందుగా ఒకసారి చూసిపోదామని వచ్చి గుండె పట్టుకున్నాడు.

"ఏంటి సార్ ఇది! బంగారంలాంటి బండిని కాళ్ళు చాపుకునే పడక్కుర్చీ చేశారు! పైగా ఒక కాలికి ఒకలా, రెండో కాలికి ఇంకోలా. మీ కొలత తప్పింది సార్."

కొలత తప్పిందన్న మాట ఇంకో రోజు ఎవరైనా అంటే మావయ్య పీక మీద కూర్చునేవాడు. ఆ రోజు తల వంచుకుని గేరు బొత్తాం బిగించుకుంటూ కూర్చున్నాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆదివారం. పదికి ఇరవై నిమిషాలుంది. గేటు దగ్గర గడ్డమాయన, గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని అత్తయ్య. మావయ్య తాళం తిప్పి బొత్తాం నొక్కాడు. కుయ్యిమంది, ఆగింది. మళ్ళీ నొక్కాడు. దగ్గింది. మూడోసారి నొక్కాడు.

అబ్బా, ఆ చప్పుడు! ముందు గుండెల్లో మోగింది, తర్వాతే చెవుల్లో. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నేను ఎగిరి గంతేశాను. గడ్డమాయన తన బండి కాకపోయినా చప్పట్లు కొట్టాడు.

మావయ్య మాత్రం బండి ఎక్కలేదు. వంటింట్లోకి వెళ్ళాడు. మేకుకున్న హెల్మెట్టు తీసి ఉల్లిపాయలన్నీ చేటలో గుమ్మరించాడు. లోపల అంటుకున్న పొట్టు ఊది, చేతిరుమాలుతో తుడిచి, తెచ్చి అత్తయ్య ముందు పట్టుకున్నాడు.

"పదింటికి గుమ్మం దాటాలన్నావుగా. దాటించు."

అత్తయ్య ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "నా మోకాలు..." అంది.

"అరవై ఎనిమిది డిగ్రీలు వంగుతుంది. నాకు తెలుసు. దానికే చేశాను."

నాకప్పుడు వెలిగింది. సీటు, హ్యాండిలు, ముందుకు జరిపిన పెడలు, బొటనవేలి బొత్తాలు, అన్నీ ఆవిడ కొలతలే. నాలుగేళ్ళుగా ముందుగదిలో ఆ మనిషి బండి బాగుచేయడం లేదు, పెళ్ళానికి బండి కుడుతున్నాడు.

అత్తయ్య లోపలికి వెళ్ళింది. మంచం కింద పెట్టె ఈడ్చిన చప్పుడైంది. పాత డ్యూటీ బూట్లు వేసుకుని వచ్చింది. వాటికి పాలిష్ తళతళలాడుతోంది. ఐదేళ్ళుగా తొడగని బూట్లకు పాలిష్ ఎవరు వేస్తారు? ఆ ఇంట్లో పిచ్చి ఒక్కరిదే అనుకోవడం నా పొరపాటు.

ఎక్కి కూర్చుంది. ఎడమ పాదం పెడలు మీద అచ్చంగా అమరింది. బొటనవేలు బొత్తాం మీదకు దానంతటదే వెళ్ళింది. తర్వాత ఎడమ కాలు నేలకు దించింది. అందలేదు. గాల్లో వేలాడుతోంది.

మావయ్య నేలమీద బోర్లా పడి టేపు పెట్టాడు.

"ఇరవై రెండు మిల్లీమీటర్లు! అసంభవం! మూడుసార్లు కొలిచాను!"

"కొలిచినప్పుడు నా కాళ్ళకి ఏమున్నాయండీ?"

మావయ్య మొహం పాలిపోయింది. ఇంట్లో అత్తయ్య వేసుకునేది డాక్టరు చెప్పిన మందపాటి మెత్తటి చెప్పులు. వెంట్రుకలో సగాన్ని పట్టుకున్న మనిషి, ఆ మూడుసార్లూ చెప్పుల మీదనుంచే కొలిచాడు. గోడ గడియారంలో పదికి ఆరు నిమిషాలుంది. మావయ్య కళ్ళలో నీళ్ళు తిరగడమొక్కటే తక్కువ.

"జరగండి సార్," అన్నాడు గడ్డమాయన. గడ్డం చొక్కాలోకి దోపుకుని బండి వెనక మోకరిల్లాడు. "వెనక స్ప్రింగు ఉంది కదా! వదులు చేస్తే అదే కిందికి దిగుతుంది. స్పానరు ఇవ్వండి."

నాలుగు చుట్లు తిప్పాడు. బండి నిట్టూర్చినట్టు కుంగింది. అత్తయ్య బూటు నేలను తాకింది. చివరికి మావయ్య స్ప్రింగునే నమ్మాల్సి వచ్చింది.

పదికి ఒక్క నిమిషం ముందు వరండాకు వేసిన చెక్కమీదుగా ఎర్రబండి గుమ్మం దాటింది, గేటు దాటింది, వీధి మలుపు తిరిగింది. చప్పుడు సన్నబడి, సన్నబడి, పోయింది. మావయ్య టేపు లాగుతూ వదులుతూ నిలబడ్డాడు. అరగంట. ఆయన టేపుకి ఆ అరగంట ఎంత పొడవో నేను చెప్పలేను.

తిరిగొచ్చాక అత్తయ్య హెల్మెట్టు తీసింది. జుట్టు రేగిపోయి, చెంపకు ఒక ఉల్లిపొట్టు అంటుకుని, ఇరవయ్యేళ్ళ పిల్లలా ఉంది.

"ఎంత దూరం వెళ్ళావు?" అన్నాడు మావయ్య.

"కొలవలేదు!" అంది.

మీటరు చూస్తే తెలిసిపోతుంది. మావయ్య చూడలేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

"అమ్మా, మరి బండి..." అని గొణిగాడు గడ్డమాయన.

"గుమ్మం దాటింది కదయ్యా. ఇంక నువ్వు పట్టుకెళ్ళేదేముంది? రా, కాఫీ తాగి వెళ్ళు. ఈరోజు ముందుగదిలోనే కూర్చోవచ్చు."

ఇప్పుడు ఆదివారం వస్తే బండి ఇంట్లో ఉండదు. ఉల్లిపాయలు బుట్టలోకి మారాయి. మావయ్యకు పని లేకుండా పోయిందని మేం కాస్త దిగులుపడ్డాం గానీ, మొన్న వెళ్ళేసరికి ఆయన గోడకు ఆనుకుని, టేపు ఒక కొన కాలితో తొక్కి రెండో కొన నడుముకు అందించుకోలేక అవస్థ పడుతున్నాడు.

"ఏంటి మావయ్యా?"

"వెనక సీటు పెడుతున్నాను. మీ అత్తయ్య ఎక్కించుకుంటానంది. నా కొలతలు ఎప్పుడూ తీసుకోలేదే అమ్మలూ. కాస్త ఈ కొస పట్టుకో."

పట్టుకున్నాను. వంగి ఆయన పాదాల వంక చూశాను.

"చెప్పులు విప్పు," అన్నాను.