రాజమల్లన్న పరిచిన ప్రాగ్

రాజమల్లన్నకు చెవుడని మా డిండోలి గల్లీలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. ఆయన ముందు ఏం మాట్లాడినా ఆయనకు అందుతుందని మాత్రం నా ఒక్కదానికే తెలుసు. సిరిసిల్లనుంచి వలసొచ్చాక ఉధ్నాలో ఒకే షెడ్డులో ఆయన సాంచాలు నడిపాడు, నేను దారం కండెలు చుట్టాను. సాంచాలంటే మా సిరిసిల్లవాళ్ల మాటలో మరమగ్గాలు. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడదు. అందుకని పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లం, మిగతాది చేతులతో చెప్పుకునేవాళ్లం. రెండు వేళ్లు విడదీసి చూపిస్తే పోగు తెగిందని. అరచేతి మీద రెండుసార్లు తడితే, అంతా నడుస్తోంది, ఫికరు పడకు అని.

మేమందరం బయటికొస్తే మా చెవులు మాకు తిరిగొచ్చేవి. ఆయనవి మెల్లమెల్లగా షెడ్డులోనే ఉండిపోయాయి. ముందు తమ్ముడు రఘుపతి పెళ్లి చేసి, తన సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాడు. ఆ తర్వాత చెవిటివాడికి పిల్లనిచ్చేవాళ్లు దొరకలేదు. దాని గురించి ఏడ్చే మనిషి కాదు. షెడ్డులో మేస్త్రీ తిట్టడానికి వస్తే ఈయన మొహం ఎదురుగా పెట్టి కళ్లు మూసుకునేవాడు. చెవిటివాడు చెవులు మూసుకోవడమంటే అదే కదా. తిట్లన్నీ గంగలో పోసినట్టయి మేస్త్రీ ఇంకా మండిపడేవాడు, మేం కండెల బుట్టల వెనక చేరి నవ్వేవాళ్లం.

పని మానేశాక తమ్ముడింట్లోనే, మా ఇంటి పై అంతస్తులో ఉంటున్నాడు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వేళకు తిండి పెడతారు, ఉతికిన బట్టలిస్తారు. కానీ ఇంట్లో ఎవరు ఎదురుగా కూర్చుని మాట్లాడతారు చెప్పండి? మరదలు జమున పొయ్యివైపు తిరిగి మాట్లాడుతుంది. రఘుపతి టీవీతో మాట్లాడతాడు. షెడ్డులో వందమంది మధ్య ఏనాడూ ఒంటరిగా లేని మనిషి, నలుగురున్న ఇంట్లో ఒంటరివాడైపోయాడు. ఏదైనా చెప్పాలనిపిస్తే మెట్లు దిగి నా దగ్గరికి వస్తాడు. నేను చీరలకు దారాలు కత్తిరిస్తూనే తల పైకెత్తి, పెదవులు కనబడేలా మాట్లాడతాను.

ఆ ఇంట్లో ఆయన ప్రాణమంతా తమ్ముడి కూతురు సింధూజ మీదే. భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లి పెంచాడు. ఆ పిల్ల ఇప్పుడు హజీరాలో ఇంజనీరు. మొదటి జీతంతో తన పెద్దబాపుకు, అంటే ఈయనకు, చెవి మిషను కొనిచ్చింది. అది పెట్టుకుంటే ఈల తప్ప ఇంకేమీ వినపడదని నాకు చెప్పాడు. ఆ పిల్లకు మాత్రం, "మంచిగ వినవడ్తుంది బిడ్డా" అన్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో లెక్క ఏమిటంటే, మిషను చెవిలో ఉంటే పెద్దబాపుకు వినపడుతుంది, తీసి పక్కన పెడితే ఆయన బండరాయి.

పోయిన ఏడాది సింధూజ తన పాత ఫోను ఆయనకిచ్చింది. దాంట్లో ఏం దొరికిందో ఏమో, ఒకరోజు పరుగున కిందికొచ్చాడు.

"చెల్లె, ఈ ఊరు జర చూడు. గీ ఊర్ల ఎవ్వరు మాట్లాడరు."

ఎవరో కెమెరా పట్టుకుని ఊరంతా నడుస్తూ తీసిన వీడియో. నిజంగానే అందులో మాటల్లేవు. రాళ్లు పరిచిన వీధులు, ఎర్రటి ట్రాములు, రెండుపక్కలా విగ్రహాలున్న పెద్ద వంతెన, కొండమీద కోట. ఆ ఊరు ప్రాగ్ అట, యూరప్‌లో ఒక దేశానికి రాజధాని. సినిమా అయినా సీరియల్ అయినా ఎవరో ఒకరు వీపు చూపించి మాట్లాడతారు, ఆయనకు సగం అందదు. ఇందులో అందకుండా పోయేది ఒక్కటీ లేదు. అందుకే ఆ ఊరికి అంటుకుపోయాడు. అక్కడ చౌరస్తాలో పాతకాలపు గడియారం ఒకటుంది. గంట కొట్టే వేళకు ఒక అస్థిపంజరం తాడు లాగుతుంది, కిటికీలు తెరుచుకుని బొమ్మలు వరుసగా నడిచిపోతాయి, చివరికి పైనున్న బంగారు కోడి వంతు వస్తుంది. సాంచా నడిపిన మనిషికి అలాంటి యంత్రం కనబడితే ఊరుకుంటాడా? వందసార్లు చూసి ఉంటాడు.

"నిజంగ కూస్తదా, ఖాలీ నోరు తెరుస్తదా?" అని నన్నడిగాడు. ఫోనులో సంగీతం పెట్టారు, నాకూ తెలియలేదు.

ఈ పిచ్చి చూసి సింధూజే అంది, "పెద్దబాపూ, పోదామా? మన నలుగురం. వారం రోజులు." ఆ రోజు ఆయన మా గల్లీలో నడిచిన నడక చూడాలి, పెళ్లికొడుకు కూడా అలా నడవడు. పాస్‌పోర్టు చేయించారు. ఇక ప్లాను మొదలైంది.

ప్లాను అంటే ఆయనకు కాగితం పని కాదు. నా దగ్గర నీలం దారం పట్టుకెళ్లి హాల్లో బండలమీద నది వేశాడు, ఆ ఊళ్లో వంకర ఎక్కడుందో ఇక్కడా అక్కడే. దానికి అడ్డంగా పెట్టిన దువ్వెన వంతెన. బోర్లించిన గిన్నె కోట. గడియారానికి తన స్టీలు గ్లాసు పెట్టాడు. రోజూ ఒక మూలనుంచి మొదలుపెట్టి మోకాళ్లమీద ఊరంతా తిరిగేవాడు. వంతెన దగ్గరికి తెల్లారకముందే వెళ్లాలట, తర్వాత జనం తొక్కేస్తారట. కోటకు ట్రాములో ఎక్కి కాళ్లతో దిగాలట. సింధూజ మధ్యలో ఇంకో దేశం కూడా చూసొద్దామంటే చెయ్యి అడ్డం ఊపాడు.

"వారమంత ఒక్క ఊరే. ఉరుక్కుంట చూసుడు చూసుడేనా?"

జమున చీపురుతో నది చుట్టూ తిరిగి ఊడ్చుకోవలసి వచ్చేది. "మా ఇంట్ల నడుద్దామంటే తొవ్వలేదు వదినా" అని నా దగ్గర మొత్తుకునేది, అయినా నవ్వుతూనే.

వీసా కోసం వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్లాల్సిన వారంలో నేను సొరకాయ కూర పట్టుకుని పైకి వెళ్లాను. ఊరి చుట్టూ అంచుల్లో కూర్చుని అందరం తింటున్నాం. నమిలేటప్పుడు ఈల వేస్తుందని రాజమల్లన్న మిషను తీసి పళ్లెం పక్కన పెట్టాడు. జమున దాన్ని చూసి గొంతు తగ్గించింది. పెదవులు చూసేవాడి ముందు గొంతు తగ్గించడమంత తెలివితక్కువ పని ఇంకోటి ఉందా?

"ఏమే, నిజంగనే ఈయన్ని తీస్కపోతవా? విమానంల గంత గట్టిగ ఒర్రుతడు, అందరు మన దిక్కే చూస్తరు. ఆడ తప్పిపోతే ఎవల్ని అడుగుతడు?"

"ఆడ పోలీసులేమన్న అడిగితే జవాబెట్ల చెప్తడు" అన్నాడు రఘుపతి పళ్లెంలోకి చూస్తూ. ఆ ఒక్క మాటే ఆయనకు అందకుండా పోయింది.

సింధూజ కాదంటుందనుకున్నాను. ఆ పిల్ల నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"నాకూ గదే రంధి మమ్మీ. వారమంత ఆయన చెయ్యి పట్టుకొని తిరుగుడే అయితది, మనమేం చూస్తం? గని ఇల్లంత పరిచి పెట్టిండు. ఎట్ల చెప్పాలె?"

ఆయన ఆ పిల్ల మొహాన్నే చూస్తున్నాడు. ఎప్పుడూ అంతే, ఆ పిల్ల ఎదురుగా ఉంటే వేరే ఎటూ చూడడు. కళ్లు మూసుకుంటాడేమోనని చూశాను. మూసుకోలేదు. మూసుకుంటే అర్థమైందని వాళ్లకు తెలిసిపోతుంది.

"ఇంకింత కూర ఎయ్యి చెల్లె" అన్నాడు నాతో. ఆయన మొహమే చూస్తూ వడ్డిస్తే సగం కూర నదిలో పడింది.

మర్నాడు పొద్దున్నే, మోకాళ్లు పట్టేశాయి, నేను రాలేనని ఆయనే చెప్పేశాడు. సింధూజ ఒకేఒక్కసారి, "సచ్చీ, పెద్దబాపూ?" అంది. రెండోసారి అడిగి ఉంటే ఆ పిల్లమీద నాకు ఇంత కోపం ఉండేది కాదు. కిందికొచ్చినప్పుడు ఆయన్నే నిలదీశాను, నోరెందుకు మూసుకున్నావని.

"పోరి చెప్పలేక సస్తుంది. నేనే చెప్తే ఖతమాయె" అన్నాడు. నేను కత్తిరించి పడేసిన దారాలు ఏరి ఉండ చుట్టుకుంటూ కాసేపు కూర్చున్నాడు. "పోవాలనే ఉండె చెల్లె. ఆడ వాళ్ల మాట మనోళ్లకు రాదు. వారం రోజులు మనోళ్లంత నా లెక్కనే అయితరనుకున్న. నా దిక్కు తిరిగి మాట్లాడుతరనుకున్న."

టీ పెట్టిచ్చాను.

ఆయన మానలేదు మరి. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఏ పూట ఏం చూడాలో ముగ్గురికీ బండలమీద నేర్పి పంపించాడు. గంట కొట్టే వేళకు గడియారం దగ్గరనుంచి వీడియో ఫోను చెయ్యమని సింధూజ దగ్గర మాట తీసుకున్నాడు. వాళ్లు వెళ్లాక మూడు చింతగింజలు తెచ్చి ఊళ్లో పెట్టాడు. పొద్దున వంతెనమీద, మధ్యాహ్నం కోట దగ్గర, చీకటి పడ్డాక హోటల్లో. ఆయన తప్ప ఇంట్లో పిట్ట మనిషి లేడు. అన్నం పట్టుకుని నేను వెళ్తే గింజలు చూపించి, ఇప్పుడు వీళ్లు ఇక్కడున్నారు అనేవాడు. నాకూ పనుంటుంది, ఎంతసేపు కూర్చోగలను? నేను దిగి వచ్చేస్తుంటే, తలుపు దగ్గర నిలబడి నా వీపు చూస్తుండేవాడు.

వాళ్లు గడియారం చూసే రోజు మాకు సాయంత్రం, అక్కడ మధ్యాహ్నం. ఫోను మోగితే నేనే చూసి ఆయన చేతికిచ్చాను. తెరనిండా సింధూజ మొహం, వెనక జనం.

"వినోదత్తా, పెద్దబాపు మిషను పెట్టుకున్నడా?" అని నన్నడిగింది.

"డబ్బాల ఉంది."

"అయితే నీకో మాట చెప్త. ఆయనే రానన్నడు గని, లేకుంటే నేనే వద్దని చెప్పాల్సొచ్చేది. నా నెత్తిమీది బరువు దిగింది. ఈడ గింత జనముంది, ఆయనతోని నావల్ల అయ్యేది గాదు."

ఫోను పట్టుకున్నది ఆయనే. ఆ పెదవులు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఓ పిల్లా, ఆ మిషను ఆయనకు ఏనాడు పనిచెయ్యలే. నీ పెదువులు చూసి తెలుసుకుంటడు. సొరకాయ కూర తిన్ననాడు నువ్వన్నది గూడ చూసిండు. గిప్పుడన్నది గూడ చూస్తుండు."

సింధూజ మొహం పాలిపోయింది. "పెద్దబాపూ" అని పెదవులు కదిలాయి. తర్వాత ఏం రాబోతోందో ఆయనకు అర్థమై, గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"గడియారం దిక్కు తిప్పు బిడ్డా" అన్నాడు, మెట్ల కింది దాకా వినపడేంత గట్టిగా.

ఆ పిల్ల ఏడుస్తూ ఏమేమో చెప్పింది. తప్పయిందంది, క్షమించమంది. అవన్నీ నేను విన్నాను, ఆయనకు ఒక్కటీ చేరలేదు. చివరికి ఫోను గడియారంవైపు తిప్పింది. అస్థిపంజరం తాడు లాగుతోంది. కిటికీలు తెరుచుకున్నాయి, బొమ్మలు నడుస్తున్నాయి. నేను ఆయన భుజం పట్టి కుదిపాను. తెరమీద ఇంకా ఆ పిల్ల మొహమే ఉందనుకున్నాడో ఏమో, కళ్లు తెరవలేదు. బొమ్మలు లోపలికి పోయాయి, కిటికీలు మూసుకున్నాయి. కోడి కూసింది. అరిగిపోయిన పంపుతో సైకిలుకు గాలి కొట్టినట్టుంది, అంతే. అక్కడ జనం చప్పట్లు కొట్టారు.

"కూసిందా చెల్లె?" అని అడిగాడు.

కూసిందన్నాను. కళ్లు మూసుకున్న మనిషికి నా జవాబు ఎలా అందుతుంది? చెయ్యి పట్టుకుని, అరచేయి తెరిచి, రెండుసార్లు తట్టాను. ఆయన తల ఊపాడు. నా వేళ్లు వదల్లేదు, కళ్లూ తెరవలేదు.