సరంగు బావ లాంచీకి కొత్త ఆల్టర్నేటర్

రేవులో అతన్ని అందరూ ఛీఛీ మేస్త్రీ అంటారు. చాటుగా కాదు, మొహమ్మీదే అంటారు. అతను పలుకుతాడు కూడా. ఏ పడవ ఇంజను మూత తెరిచినా ముందు ఆ నోట్లోంచి ఊడిపడే మాట అదే మరి. పడవల్లో కరెంటు పని అతని బతుకు. ఆ బతుకంతా ఎవడో చేసి చచ్చిన పాడుపని విప్పుకోవడంతోనే సరిపోయింది, ఇంకేమంటాడు! కనెక్షన్ వదులుగా బిగించినవాడంటే అతనికి ఒళ్ళుమంట. "వాడికంటే దొంగ నయం. దొంగ కనీసం పని చేశానని కూలి అడగడు" అంటాడు. పెళ్ళయిన కొత్తలో అత్తారింటికి వెళ్ళి, ముందు పెట్టిన కంచం వదిలేసి స్విచ్‌బోర్డు విప్పుకుని కూర్చున్నాడట. వాళ్ళావిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అలాంటివాడికి దేవుడు వెతికి వెతికి ఇచ్చిన బావ ఒకడున్నాడు. అక్క మొగుడు, లాంచీ నడిపే సరంగు. మనిషి మంచివాడే, ఎవరూ కాదనరు. కానీ చెప్పింది చెవికెక్కితే ఒట్టు. ఆ లాంచీ ఇంజను బహుశా అతనికంటే ముదురు. దానికున్న పాత డైనమో, ఇంజను గట్టిగా తిరిగితే తప్ప బ్యాటరీకి చార్జింగ్ ఇవ్వదు. దీపం వేస్తే పంపు మూలుగుతుంది, పంపు వేస్తే దీపం నీరసపడుతుంది. పగటి ప్రయాణికుల్ని కొత్త వంతెన ఎప్పుడో ఎగరేసుకుపోయింది. ఇక మిగిలింది అవతలి ఒడ్డున మిల్లులో పని దిగి పొద్దుపోయాక ఇళ్ళకొచ్చే జనమే. చీకటిపడ్డాక లాంచీ నడపాలంటే దీపాలు నిలకడగా వెలగాలి, అడుగున చేరే నీళ్ళు తోడే పంపు ఆగకూడదు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ రెండూ చూసి అనుమతి రాయాలి. రాయకపోతే లాంచీ తుక్కు కిందికి, అక్క సంసారం వీధి మీదికి.

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. డైనమో తీసేసి మంచి ఆల్టర్నేటర్ పెట్టరా. ఈ ఒక్కసారికి తిట్టకుండా చెయ్యి" అంది అక్క.

"చేస్తాను. తిట్టకుండా మాత్రం నా వల్ల కాదు."

మూత తీశాడు. ఛీ ఛీ ఛీ! మనుషులు చేసే పనేనా అది! టేపు మీద టేపు, దాని మీద బిస్కట్ పొట్లం కాగితం, ఆ పైన ఓ తాడు ముడి. ఇంట్లో టేబుల్ ఫ్యానుకి వేసే సన్నటి వైరు బ్యాటరీ దాకా లాగారు. నూనెలో నానిన బొద్దింకలు, వాటి కింద ఎవరిదో పందుంపుల్ల. రెంచీతో ఆ జిడ్డు కెలుకుతుంటే మేస్త్రీకి పొద్దున తాగిన టీ గొంతులోకి వచ్చింది.

"ఇదెవరు చేశారు బావా?"

"నేనే. బాగా లేదూ?"

మేస్త్రీ ఒడ్డుకెళ్ళి ఉమ్మి వచ్చాడు.

పాతదంతా పీకేశాడు. ఆల్టర్నేటర్ కూర్చోడానికి కొత్త బిగింపు చేయించాడు, బెల్టు ఏ పక్కకీ వాలకుండా సరిచేశాడు, లావుపాటి వైరు లాగాడు. ప్రతి కనెక్షన్నీ బిగించి, చేత్తో గుంజి చూసి, మళ్ళీ బిగించాడు. అంతా అయ్యాక ఇక అసలు బెడద మిగిలింది. బావ అలవాటు. లాంచీ రేవుకి ఆనుతుండగానే ముందు బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపుతాడు, ఆ తర్వాత ఇంజను. అలా చేస్తే బ్యాటరీ మిగులుతుందని ఎవడో మహానుభావుడు చెప్పాడట. డైనమో మొండిఘటం కాబట్టి ఇన్నాళ్ళూ పడి ఉంది.

"బావా, ఇది అలాంటిది కాదు. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ తప్పించావంటే కరెంటుకి పోయే దారుండదు. లోపలి డయోడ్లు మాడతాయి, బల్బులు పేలతాయి. ముందు ఇంజను ఆపు, తర్వాతే స్విచ్."

"చంటిపిల్లాడికి చెప్పినట్టు చెబుతావేంరా బామ్మర్దీ! ఎన్నేళ్ళనుంచి నడుపుతున్నాననుకున్నావు?"

అదే కదా వచ్చిన చావు, అనుకున్నాడు మేస్త్రీ. స్విచ్‌కి ఎర్రరంగు కూడా పూశాడు.

మునిమాపువేళ అవతలి ఒడ్డున ఇన్‌స్పెక్టరు ఎక్కి ముందు బల్ల మీద కూర్చున్నాడు. వెనక మిల్లు జనం కొందరు, బావ పక్కన అక్క, ఇంజను దగ్గర మేస్త్రీ. దీపాలు ధగధగా వెలిగాయి, పంపు గడగడా తోడింది. ఇన్‌స్పెక్టరు తలాడించాడు. అది చూసి బావ ఛాతీ రెండింతలైంది. రేవు దగ్గరపడింది. నవ్వుతూ, జనంతో కబుర్లు చెబుతూ, చూడనైనా చూడకుండా చెయ్యి చాపి ఎర్ర స్విచ్ తిప్పేశాడు.

దీపాలు ఒక్కసారి కళ్ళు చెదిరేలా వెలిగి టపటపా పేలాయి. కాలిన కంపు. పక్కనే ఉన్న అక్క చప్పున స్విచ్ మళ్ళీ ఎప్పట్లా తిప్పేసింది. బావ చెయ్యి స్విచ్ మీద పడటం చూసింది ఆమె, తమ్ముడు, అంతే.

ఇన్‌స్పెక్టరు టార్చి వేసుకుని వెనక్కి వచ్చాడు. "ఏమైంది? పనిలో లోపమైతే బాగుచేయించండి, మళ్ళీ వచ్చి చూస్తాను. అంతేగానీ జనం ఎక్కి ఉండగా సరంగు మెయిన్ ఆపాడంటే మాత్రం లైసెన్సు ఇప్పుడే పట్టుకుపోతాను. ఆపావా?"

"అయ్యో, నేనెందుకు ఆపుతానండీ! చెయ్యే పెట్టలేదు" అన్నాడు బావ. అబద్ధం కాదు, ఆ మహారాజుకి నిజంగానే గుర్తులేదు.

అక్క తమ్ముడి వంక చూసింది. మేస్త్రీకి బావ మీద అసహ్యం, ఆ స్విచ్ మీద అసహ్యం, ఇప్పుడు తన నోటితో అనబోయే మాట మీద అన్నిటికంటే ఎక్కువ అసహ్యం. రేవు మెట్ల మీద పడవలవాళ్ళంతా చెవులు రిక్కించుకుని నిలబడ్డారు.

"నాదేనండీ తప్పు. కనెక్షన్ వదులుగా బిగించాను" అన్నాడు.

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించి, వచ్చేవారం వస్తానని దిగిపోయాడు.

జనం వెళ్ళాక బావ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా. మనిషన్నాక పొరపాటు చెయ్యడా? నేనేం మనసులో పెట్టుకోను. ఈసారి మాత్రం కాస్త గట్టిగా బిగించు, ఏం?"

అక్క మొహం అటు తిప్పేసుకుంది.

"సరే బావా" అన్నాడు మేస్త్రీ.